మూడో పట్టికలోని వరుస

ఈ పత్రిక చదివే పిల్లల్ని "మీది ఏ ఊరు?" అని అడిగితే వెంటనే జవాబు రాదు. నాన్నగారు పుట్టిన ఊరు చెప్పాలా, అమ్మమ్మగారి ఊరు చెప్పాలా, ఇప్పుడు క్వార్టర్స్ ఉన్న ఊరు చెప్పాలా అని లోపల లెక్క వేసుకుంటారు. "ఎన్ని బడులు మారావు?" అని అడగండి, వేళ్ళు మడుస్తూ గడగడా చెప్పేస్తారు. నా సంగతీ అంతే. పదకొండేళ్ళ సర్వీసులో ఇది నాకు అయిదో పోస్టింగ్. అస్సాంలో పిల్లల చేత 'ళ' పలికించడానికి పడ్డ పాట్లూ, రాజస్థాన్‌లో గోంగూర కోసం పడ్డ పాట్లూ ఎప్పుడైనా విడిగా రాస్తాను. ఈసారి రాస్తున్నది కంప్యూటర్ గురించి. తెలుగు టీచరుకు దాంతో ఏం పని అనుకోకండి. తిరిగి తిరిగి అది మన టీసీల దగ్గరికే వస్తుంది.

కిందటేడు పదకొండో తరగతి కంప్యూటర్ సైన్స్ పిల్లలు ముగ్గురు ఒక వెబ్‌సైట్ మొదలుపెట్టారు. మన విద్యాలయంలో ఎవరెవరు అంతకుముందు ఏయే బడుల్లో చదివారో అందులో ఉంటుంది. కొత్తగా చేరిన పిల్ల తన పాత బడి పేరు కొడితే, అక్కడినుంచే వచ్చినవాళ్ళు ఇక్కడ ఇంకెవరున్నారో తెలియాలి. బయటివాళ్ళకు కనిపించదు, బడి లోపలి నెట్‌వర్క్‌లో మాత్రమే పనిచేస్తుంది. పేర్లు పోగుచెయ్యడం, స్పెల్లింగులు సరిచూడడం నా వంతు. అలా రోజూ ఆఖరి పీరియడ్ తరవాత ల్యాబ్‌లో వాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని.

మొదట వాళ్ళు చేసిన పట్టికలో ఒక్కో విద్యార్థికి ఒక్కో వరుస. పేరు, తరగతి, హౌస్, చివర 'పాత బడులు' అనే గడి. ఆ గడిలో కామాలు పెట్టి ఊళ్ళ పేర్లు. చూడ్డానికి బాగానే ఉంది. వెతకబోతే వచ్చింది చిక్కు. ఒకరు వైజాగ్ అని, ఒకరు విశాఖ అని, ఇంకొకరు విశాఖపట్నం అని, తాతగారి మాట విని పెరిగిన పిల్లాడొకడు వాల్తేరు అని రాశారు. అలహాబాద్ పేరు 2018లో ప్రయాగ్‌రాజ్ అయింది కదా, ముందు చదివినవాళ్ళు పాత పేరు రాశారు, తరవాత చదివినవాళ్ళు కొత్త పేరు రాశారు. కంప్యూటర్ దృష్టిలో ఇవన్నీ వేరువేరు ఊళ్ళే.

కామాలు వద్దనుకుని బడి ఒకటి, బడి రెండు, బడి మూడు అని మూడు గడులు పెట్టారు. ఆర్మీ వాళ్ళబ్బాయి ఒకడు వచ్చి తనవి ఏడు అన్నాడు. ఏడు గడులు పెడితే, చిన్నప్పటినుంచీ ఇదే ఊళ్ళో ఉన్న పిల్లకి ఆరు ఖాళీ. పైగా జోధ్‌పూర్‌లో చదివినవాళ్ళెవరు అని అడిగితే ప్రతి పిల్లకీ ఏడు గడులూ వెతకాలి. ఎనిమిది బడుల పిల్ల వస్తే మళ్ళీ మొదటికి.

హౌస్ విషయంలో ఈ గొడవ లేదు. ఒక పిల్లకి ఒకటే హౌస్. టాగోర్ హౌస్‌లో వందమంది ఉన్నా సరే, ఒక్కో పిల్ల వరుసలో హౌస్ నంబరు ఒకటి రాసుకుంటే సరిపోతుంది. ఆ నంబరును ఫారిన్ కీ అంటారని పెద్ద తరగతులవాళ్ళకు తెలుసు. బడి సంగతి వేరు. ఒక పిల్లకి చాలా బడులు, ఒక బడికి చాలామంది పిల్లలు. రెండువైపులా 'చాలా' ఉంది. దీన్ని మెనీ టు మెనీ అంటారు. పిల్ల వరుసలో బడి ఇమడదు, బడి వరుసలో పిల్ల ఇమడదు. మరెక్కడ రాయాలి?

పెళ్ళి కుదిరినప్పుడు మన ఇళ్ళల్లో లగ్నపత్రిక రాసుకుంటాం. అందులో రెండు ఇళ్ళవాళ్ళ పేర్లూ ఉంటాయి, ముహూర్తమూ ఉంటుంది. అబ్బాయివాళ్ళ వంశవృక్షంలోనో అమ్మాయివాళ్ళ వంశవృక్షంలోనో దూర్చకుండా విడిగా రాసుకున్న మూడో కాగితం అది. వియ్యంకులు అన్న చుట్టరికం దాంతోనే మొదలవుతుంది. ఇక్కడా అంతే. పిల్లల పట్టిక ఒకటి, బడుల పట్టిక ఒకటి, మధ్యలో మూడో పట్టిక. మూడోదానిలో ఒక్కో వరుసకు రెండు నంబర్లు చాలు, పిల్ల నంబరు, బడి నంబరు. ఏడు బడులు చదివిన పిల్లాడికి ఏడు వరుసలు, ఒకటే చదివిన పిల్లకి ఒకటి. ఖాళీ గడి అన్న మాటే లేదు. ప్రయాగ్‌రాజ్ పేరు బడుల పట్టికలో ఒక్కచోట దిద్దితే అందరికీ దిద్దినట్టే.

తెలుగులో వరుస అంటే లైను. వరుస అంటే చుట్టరికం కూడా, వావివరుసలు అంటాం కదా. మూడో పట్టికలో ప్రతి వరుసా ఒక వరుసే అన్నాను. ఇద్దరు నవ్వారు. మూడోవాడికి తెలుగు రాదు, వాడికి హిందీలో వివరించేసరికి నవ్వు చల్లారిపోయింది. ఈ పట్టికల పద్ధతికి పునాది వేసిన ఎడ్గర్ కాడ్, 1970లో ఐబీఎంలో పనిచేస్తూ రాసిన వ్యాసంలో రిలేషన్ అన్న మాటను గణితం అర్థంలో వాడాడు. ఆయన లెక్కలో పట్టికనే రిలేషన్ అంటారు. పట్టికల మధ్య ఉండే సంబంధాన్ని బట్టి ఆ పేరు వచ్చిందని చాలామంది అనుకుంటారు. ఏమైనా మన మాటే నాకు ఎక్కువ నచ్చింది.

ఇక దుబాసీ సంగతి. పిల్లలు ప్రోగ్రాం రాసేది పైథాన్‌లో, డేటాబేస్‌కు అర్థమయ్యేది ఎస్‌క్యూఎల్. ఇటు పిల్ల, బడి అనే వస్తువులు. అటు పట్టికలు, వరుసలు. ఈ రెండింటి మధ్య మాట చేరవేసేదాన్ని ఆబ్జెక్ట్ రిలేషనల్ మ్యాపర్ అంటారు, పొట్టిగా ఓఆర్‌ఎం. కంపెనీ కాలంలో దొరలకూ ఊరివాళ్ళకూ నడుమ ఉండే దుబాసీ లాంటిది. మావాళ్ళు వాడింది జాంగోలో ఉన్న ఓఆర్‌ఎం. జాంగో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, లారెన్స్ అనే ఊళ్ళో, ఒక వార్తాపత్రిక ఆఫీసులో పుట్టింది. 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. జాంగో రైన్‌హార్ట్ అనే గిటార్ విద్వాంసుడి పేరు దానికి పెట్టారు. అగ్నిప్రమాదంలో ఎడమచేతి వేళ్ళు రెండు దెబ్బతిన్నా తనదైన పద్ధతి కనిపెట్టి వాయించినవాడాయన.

జాంగోలో మూడో పట్టికను మనం కట్టనక్కర్లేదు. పిల్ల అనే క్లాసులో బడులు అని రాసి, దాన్ని మెనీ టు మెనీ ఫీల్డ్ అంటే చాలు, మధ్య పట్టికను అదే కట్టుకుంటుంది. పిల్లవైపు రాయాలా, బడివైపు రాయాలా అని ముగ్గురూ కాసేపు వాదించుకున్నారు. ఎటు రాసినా ఒకవైపే రాయాలి, రెండోవైపు దానంతట అదే వస్తుంది. ఒకే పెళ్ళితో ఒకావిడ అత్తగారవుతుంది, ఇంకొకామె కోడలవుతుంది. అత్తకో పెళ్ళి, కోడలికో పెళ్ళి చెయ్యం కదా. రెండోవైపు పిలుపు ఏమిటో రిలేటెడ్ నేమ్ అన్నచోట చెప్పుకోవచ్చు. పిల్లవైపు నుంచి 'నా బడులు', బడివైపు నుంచి 'మా పిల్లలు' అని పెట్టుకున్నాం. యాడ్ అంటే కలుపుతుంది, రిమూవ్ అంటే విడదీస్తుంది. రెండు వారాలు హాయిగా గడిచాయి, ఎనిమిదో తరగతి కుర్రాడొకడు వచ్చేదాకా.

వాడు ఒకటీ రెండూ తరగతులు ఇక్కడే చదివాడు. తరవాత తేజ్‌పూర్, ఆ తరవాత బెళగావి, మళ్ళీ ఆరో తరగతికి ఇక్కడికే. "నా పేరు ఇక్కడ రెండుసార్లు రావాలి కదా అక్కా?" అని అడిగాడు. యాడ్ చేశారు. కంప్యూటర్ తప్పు అనలేదు, అలాగని రెండో వరుసా పడలేదు. జాంగో తనంతట కట్టుకున్న మధ్య పట్టికలో ఒక పిల్ల, ఒక బడి జత ఒక్కసారే ఉంటుంది. ఉన్న జతనే మళ్ళీ కలపమంటే కిక్కురుమనకుండా ఊరుకుంటుంది. ఇక్కడ చదివాడా లేదా అన్నదే దానికి కావాలి. ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది దానికి పట్టదు. చదివిన బడికే మళ్ళీ రావడం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? గోడలు పొట్టివైపోయి కనిపిస్తాయి. స్నేహితుల్లో సగంమంది వెళ్ళిపోయి ఉంటారు. మిగిలినవాళ్ళు మనల్ని ఇంకా రెండో తరగతి పిల్లల్లాగే పలకరిస్తారు. ఆ రెండో రాకను మొదటిదాంట్లో కలిపేస్తే వాడు ఊరుకుంటాడా?

ముగ్గురిలో ఒకమ్మాయి ఉంది. వాళ్ళ నాన్నగారు రైల్వేలో పనిచేస్తారు. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "లగ్నపత్రికలో ముహూర్తం కూడా ఉంటుందన్నారు కదా మేడమ్" అంది. మధ్య పట్టికను జాంగోకు వదిలెయ్యకుండా సొంతంగా ఒక క్లాసు రాసింది. దానికో పేరు కావాలి. 'ప్రవేశం' అని పెట్టమన్నాను. అందులో పిల్ల, బడి, చేరిన తేదీ, చేరిన తరగతి, వదిలిన తేదీ. పాత ఫీల్డ్‌లో త్రూ అని రాసి ఈ ప్రవేశాన్ని చూపించింది. పిల్ల, బడి, చేరిన తేదీ, ఈ మూడూ కలిపి ఒక్కసారే రావాలని నియమం పెట్టింది. దాంతో ఎనిమిదో తరగతివాడికి రెండు వరుసలు పడ్డాయి. అయితే 'మా పిల్లలు' జాబితా తీస్తే వాడి పేరు కవలపిల్లల్లా రెండుచోట్ల కనిపించింది. డిస్టింక్ట్ అని చేర్చాక ఒకటైంది.

మీలో ఎవరైనా ఇలాంటిది చెయ్యబోతే నా సలహా ఒకటే. మధ్య పట్టికను మొదటిరోజే సొంతంగా రాసుకోండి. ఇప్పుడు తేదీలు అక్కర్లేదు కదా అనిపిస్తుంది, రేపు కావలసివస్తాయి. ముందు జాంగో చేత కట్టించుకుని తరవాత త్రూ చేర్చబోతే అది నేరుగా ఒప్పుకోదు. మా దాంట్లో అప్పటికి నలభై పేర్లు లేవు కాబట్టి, పాతది తీసేసి కొత్తగా నింపుకోగలిగారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం వ్యాకరణం లాంటి ఒక ముచ్చట. 2019లో జోధ్‌పూర్‌లో చేరినవాళ్ళు ఎవరు? దీన్ని జాంగోలో ఫిల్టర్ అనే మాటతో అడగాలి. రెండు షరతులూ ఒకే ఫిల్టర్‌లో రాస్తే, ఒకే ప్రవేశం రెండింటికీ సరిపోవాలి. ఒక ఫిల్టర్ రాసి దాని వెనక ఇంకో ఫిల్టర్ గొలుసుగా తగిలిస్తే అర్థం మారిపోతుంది. ఎప్పుడో ఒకప్పుడు జోధ్‌పూర్‌లో చదివి, 2019లో మరెక్కడో చేరిన పిల్ల కూడా జాబితాలోకి వచ్చేస్తుంది. ఒకలా అడిగితే ముగ్గురు వచ్చారు, ఇంకోలా అడిగితే పదకొండుమంది వచ్చారు. అన్వయం కుదరలేదని మీ వాక్యాల కింద ఎర్ర గీత గీస్తుంటానే, అచ్చం అదే. ఏ మాట ఏ మాటతో కలుస్తుందో చూసుకోకపోతే వాక్యం తప్పులేకుండానే ఉంటుంది, అర్థం మాత్రం వేరేదవుతుంది. దుబాసీ అవతలివాళ్ళతో ఏమన్నాడో వినే ఏర్పాటు కూడా ఉంది, క్వెరీని ప్రింట్ చేయించి చూడవచ్చు. ఒకే ఫిల్టర్ రాసినప్పుడు ప్రవేశాల పట్టిక ఒకసారి జాయిన్ అయింది, గొలుసు రాసినప్పుడు రెండుసార్లు.

ఇంకో చిన్న చిక్కు వచ్చింది, త్వరగా చెప్పేస్తాను. ఒక తరగతిలో 38 మంది, ఒక్కొక్కరి బడులన్నీ ఒకే పేజీలో చూపించాలి. పేజీ నత్తనడక నడిచింది. చూస్తే డేటాబేస్‌ను 39 సార్లు అడుగుతోంది. పిల్లల జాబితా కోసం ఒకసారి, ఆ తరవాత ఒక్కో పిల్ల కోసం ఒక్కోసారి. ఒక్కో టీసీ కోసం రికార్డు రూముకు ఒక్కో ట్రిప్పు కొట్టినట్టు. ప్రీఫెచ్ రిలేటెడ్ అని ఒక్క మాట రాస్తే రెండుసార్లలో అయిపోయింది.

దీపావళి సెలవుల తరవాత అసలు ముచ్చట జరిగింది. ఒకే బడిలో, ఒకే కాలంలో ఉన్నవాళ్ళని జతలుగా చూపించమని నేను అడిగాను. బడి నంబరు ఒకటే కావాలి, రెండోవాళ్ళు వెళ్ళకముందే మొదటివాళ్ళు చేరి ఉండాలి, మొదటివాళ్ళు వెళ్ళకముందే రెండోవాళ్ళు చేరి ఉండాలి. తేదీలున్న మూడో పట్టిక కాబట్టి ఇది అడగడం సాధ్యమైంది. వచ్చిన జాబితాలో పదో తరగతి పిల్లలు ఇద్దరున్నారు. ఇప్పుడు ఒకే బెంచీలో కూర్చుంటారు. 2017లో ఇద్దరూ తేజ్‌పూర్‌లో మూడో తరగతి, ఒకడు ఏ సెక్షను, ఒకడు బీ సెక్షను. ఎనిమిది నెలలు ఒకే అసెంబ్లీలో నిలబడ్డారు. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. పిలిచి చెబితే ముందు నమ్మలేదు. తరవాత ఒకడు, "వానొస్తే గ్రౌండు చెరువైపోయేది, గుర్తుందా?" అన్నాడు. రెండోవాడు అందులో తన చెప్పు ఒకటి కొట్టుకుపోయిందన్నాడు. ఆరోజు వాళ్ళను క్లాసుకు పంపించడం నా తరం కాలేదు.

నవంబరులో రైల్వే అమ్మాయి వాళ్ళ నాన్నగారికి నాగపూర్ ఆర్డరు వచ్చింది. చదువు మధ్యలో పదకొండో తరగతి పిల్లను తీసుకెళ్ళాలా అని ఇంట్లో నాలుగు రోజులు తర్జనభర్జన పడ్డారట. చివరికి అందరూ కలిసే వెళ్దామనుకున్నారు. ఆ మాట నాకు చెప్పి, కాసేపు కీబోర్డు వైపు చూస్తూ కూర్చుని, "నేను వెళ్ళాక నా పేరు ఇందులోంచి పోతుందా మేడమ్?" అని అడిగింది.

నేను జవాబు చెప్పేలోపే పక్కనున్న అబ్బాయి తలదించుకున్నాడు. టీసీ తీసుకున్న పిల్లను డిలీట్ చేసే బటన్ రాసింది వాడే. ముగ్గురూ కలిసి ఆ బటన్ ఏం చేస్తుందో పేపరు మీద గీసి చూశారు. పిల్లల పట్టికలో ఆమె వరుసను తీసేస్తే, క్యాస్కేడ్ అని రాసి ఉంది కాబట్టి ఆమె ప్రవేశాలన్నీ దాంతోపాటే పోతాయి. బడులు మాత్రం అలాగే ఉంటాయి. అంటే ఇక్కడ చదివిన సంగతే కాదు, అంతకుముందు ఖరగ్‌పూర్‌లోనూ గుంతకల్‌లోనూ చదివిన సంగతి కూడా చెరిగిపోతుంది. పోనీ ఆమెనూ ఈ బడినీ విడదీసే రిమూవ్ వాడదామా అంటే, అది ఆ జతకున్న వరుసలన్నిటినీ ఒకేసారి తీసేస్తుంది. ఎనిమిదో తరగతివాడికి అలా చేస్తే రెండు రాకలూ పోతాయి.

ఆఫీసులో అడ్మిషన్ రిజిస్టర్ ఎప్పుడైనా చూశారా? బడి వదిలి వెళ్ళిన పిల్ల పేరును అందులో ఎవరూ చెరపరు. వెళ్ళిన తేదీ ఆ వరుసలోనే రాస్తారు. పేజీ పసుపు రంగుకు తిరిగినా ఆ వరుస అక్కడే ఉంటుంది. ఈ ముక్క చెప్పగానే పిల్లాడు డిలీట్ బటన్ తీసేశాడు. దాని బదులు 'వదిలిన తేదీ' గడి తెరిచే బటన్ పెట్టాడు. ఇప్పుడున్న పిల్లలు ఎవరంటే, ఈ బడి ప్రవేశంలో వదిలిన తేదీ ఖాళీగా ఉన్నవాళ్ళు. క్యాస్కేడ్ అన్నచోట ప్రొటెక్ట్ అని మార్చారు. ప్రవేశాలున్న పిల్లను గానీ బడిని గానీ తీసెయ్యబోతే జాంగో ఇప్పుడు ఒప్పుకోదు. తమ పేరు కనిపించకూడదనుకునేవాళ్ళకు ఒక టిక్కు గడి కూడా పెట్టారు, ఇది ఆ అమ్మాయే అడిగింది.

వెళ్ళేముందు శనివారం ఆ పిల్ల తన వరుసలో వదిలిన తేదీ తనే కొట్టింది. నాగపూర్ వరుస కూడా చేర్చబోయింది. చేరిన తేదీ లేకుండా ఏ ప్రవేశమూ సేవ్ కాకూడదని తను రాసిన నియమమే తనకు అడ్డొచ్చింది. "అక్కడ చేరాక ఫోన్ చేస్తాను, మీరు నింపండి మేడమ్" అంది. డిసెంబరు మొదటివారంలో ఫోన్ వచ్చింది. తేదీ రాసుకున్నాను. అక్కడ మనవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది. ఫోన్ చెవికి ఆనించుకునే వెతికాను. సెప్టెంబరులో ఇక్కడినుంచి వెళ్ళిన ఏడో తరగతి పిల్లాడొకడు కనిపించాడు, నాగపూర్ వరుసలో వదిలిన తేదీ ఖాళీగా ఉంది. వాడి పేరు చెప్పాను. "ఆ పొట్టివాడా మేడమ్? ఎప్పుడూ పద్యం మధ్యలో మర్చిపోయేవాడు!" అంది. సోమవారం లంచ్‌లో వెళ్ళి పలకరిస్తానంది.